ఆదివారం మనదైన నాటి ముచ్చట

మంట దగ్గరికి జరగండి పిల్లలూ. ఆదివారం పని మానాలని ఎవరు పెట్టారు తాతా అని అడిగారుగా, చెబుతా.

మన ఒంగోలు సీమలో ఈ కథ తల్లకొండపాడు నుంచి ఎత్తుకోవాలి. ఆ ఊరి యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. అంతకుముందు యోగమార్గంలో గురువుల్ని సేవించినవాడు. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు క్లౌ అనే మిషనరీ దొర నెల్లూరు నుంచి వచ్చి ఒంగోలులో కాపురం పెట్టాడు. మరుసటేడు జనవరిలో పేరయ్యగారి పిలుపు మీద తల్లకొండపాడు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చాడు.

వాళ్లకు దొర పెట్టిన కట్టడలు మూడే. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. మాదిగపల్లెలో బతికేవాడికి మాత్రం అవి మూడు కొండలు.

ఎందుకంటారా? ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాల్సింది మనం. రైతుకి చెప్పులు, కపిల తోలడానికి తోలుబాన కుట్టివ్వాల్సింది మనం. జాతరొస్తే డప్పు కొట్టాల్సింది మనమే. బదులుగా కల్లంలో ఇన్ని గింజలు, ఆ చచ్చిన గొడ్డు. ఎప్పుడు కేకేస్తే అప్పుడు పోవాలి. గింజలు నిండుకున్న నెలల్లో ఆ మాంసమే ఆధారం. దాన్ని తిననంటే పస్తుకి ఒప్పుకున్నట్టు. డప్పు కొట్టనంటే ఊరి అమ్మవారిని కాదన్నట్టు. ఆదివారం రానంటే ఆసామికి ఎదురు నిలబడ్డట్టు. ఊరి పెద్దలకు కోపమొచ్చింది. పనికి పిలవడం మానేశారు, నీళ్లు పట్టుకోనీయలేదు, కొట్టారు కూడా. అయినా మనవాళ్లు వెనక్కి పోలేదు.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అయితే కూటి కోసం మతంలో చేరుతున్నారనే మాట రాకూడదని, కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది మునిగి లేచారు. ఆ కట్టడల కింద ఏం పోగొట్టుకోవాలో ఈ పల్లెల్లో పదేళ్లుగా చూస్తూనే ఉన్నారు. తెలిసే వచ్చారు.

కొత్తగా చేరినవాళ్లకు ఏ కట్టడలు పెట్టాలన్నది ఇంతకన్నా పాత తగువు. క్రీస్తు తర్వాత 50వ ఏడుకి కాస్త అటూఇటూగా, యెరూషలేములో పెద్దలు కూర్చున్నారు. అన్యజనుల్లోంచి వచ్చినవాళ్లు సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రమంతా మొయ్యాలా అని పంచాయితీ. మన పితరులే మొయ్యలేని కాడి వాళ్ల మెడమీద ఎందుకన్నాడు పేతురు. చివరకు యాకోబు తీర్పు చెప్పాడు. విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు నులిమి చంపినవాటి మాంసం, జారత్వం, ఈ నాలుగూ మానితే చాలని అంతియొకయకు ఉత్తరం రాసి పంపారు. పండగలు, అమావాస్యలు, విశ్రాంతిదినాల పేరుతో మీకు ఎవరినీ తీర్పు తీర్చనీయొద్దని పౌలు కొలొస్సయులకు రాశాడు.

మరి పౌలు అంత వదులు చేసిన విశ్రాంతిదినాన్ని మనవాళ్లు ఆదివారం రూపంలో దెబ్బలు తిని ఎందుకు పట్టుకున్నారు? నేను దీని మీద చాలా ఆలోచించాను. పది ఆజ్ఞల్లోని విశ్రాంతిదినం ఆజ్ఞ బైబిల్లో రెండుచోట్ల ఉంది. ద్వితీయోపదేశకాండంలో దానికి కారణం ఇలా ఉంది: నువ్వు ఐగుప్తులో దాసుడివి, ఆ సంగతి మరవకు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు కూడా ఆ రోజు విశ్రమించాలి అని. ఆ మాట మనవాళ్లకు అర్థమైనట్టు పండితులకు కూడా అర్థం కాలేదనుకుంటాను. తరతరాలుగా పిలుపుకి పరిగెత్తిన మనిషికి, ఈ రోజు నాది, రాను అని చెప్పే ధైర్యం మొదటిసారి ఆదివారమే ఇచ్చింది. యెరూషలేములో ఒక కాడి దించారు. మన పల్లెలో ఆ రోజే కాడి దించింది.

అందుకని చెబుతున్నా. ఆస్పత్రిలో ఆదివారం డ్యూటీ చేసే పిల్లని గుడికి రాలేదని ఎవరూ నోరు జారకండి. మీరు మటుకు గుడికి పోండి. పోయేముందు మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకి, మీ పొలంలో కూలికొచ్చే అతనికి ఆ రోజు సెలవివ్వండి, కూలి కోయకుండా. అదీ మన పెద్దలు ఆచరించిన ఆదివారం.