పిలాతు భార్యకు రెండు షిల్లింగులు

రక్షణ శాఖ పద్దులు చూస్తూ రిటైరైనవాణ్ణి. అందుకే మధ్యయుగపు ఇంగ్లండ్ క్రైస్తవ నాటకాల గురించి చదువుతుంటే నా కన్ను ముందు జమాఖర్చుల మీదే పడింది. కోవెంట్రీ పట్టణంలో కమ్మరుల సంఘం 1490లో తమ నాటకానికి ఇచ్చిన కూలి చూడండి. పిలాతుకు 4 షిల్లింగులు, హేరోదుకు 3 షిల్లింగుల 4 పెన్నీలు, దేవుడికి (అంటే యేసు వేషానికి) 2 షిల్లింగులు, పిలాతు భార్యకు 2 షిల్లింగులు. దేవుడికీ ఆవిడకీ ఒకటే రేటు!

వీటిని మిస్టరీ నాటకాలంటారు. బైబిలు కథలను వృత్తి సంఘాలవాళ్ళు పంచుకుని వీధుల్లో ఆడేవారు. కూచిపూడిలో సత్యభామ వేషం మగవాళ్ళు కట్టినట్టే, అక్కడా ఆడవేషాలు సాధారణంగా మగవాళ్ళవే.

మత్తయి సువార్తలో పిలాతు భార్యకు దక్కింది ఒక్క వచనం. కలలో బాధపడ్డాను, ఆ నీతిమంతుడి జోలికి పోవద్దని భర్తకు కబురంపుతుంది. విచారణ జరిగినచోట ముద్దాయి తరఫున నోరెత్తింది ఆమె ఒక్కతే. యార్క్ పట్టణపు నాటకకర్త ఆమెకు పేరిచ్చాడు, మాటలిచ్చాడు, పట్టుబట్టలు కట్టించాడు. కానీ ఆ కల తెచ్చింది ఎవరట? సాతాను! యేసు చనిపోతే నరకంలోని ఆత్మలన్నీ విడుదలవుతాయి కనుక, ఆ మరణాన్ని ఆపడానికి సాతాను ఆమె చెవిలో ఊదాడట. నిర్దోషిని చంపవద్దు అనడం సైతాను పనైపోయింది. లెక్క కుదరాలంటే దయను ఖర్చు కింద రాసెయ్యక తప్పలేదు. తూర్పు క్రైస్తవ సంఘాలు ఆమెనే పునీతురాలిగా కొలుస్తాయి. ఒకే వచనం, రెండు తీర్పులు.

మనమేమీ తక్కువ తినలేదు. అధ్యాత్మ రామాయణంలో దేవతలు పంపితే సరస్వతి మంథర నోట చేరుతుంది. ఆడది గట్టిగా మాట్లాడితే ఆ మాట ఆమెది కాకూడదు, అంతే.

నోవహు భార్య సంగతి ఇంకో రకం. ఆదికాండంలో ఆమెకు పేరూ లేదు, మాటా లేదు. ఓడ ఎక్కుతుంది, దిగుతుంది. నాటకాల్లో మాత్రం గయ్యాళి. వేక్‌ఫీల్డ్ ప్రతిలో వాన ముంచుకొస్తున్నా నూలు వడుకుతూ కూర్చుంటుంది, మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటారు. చెస్టర్‌లో డీ నది నీళ్ళు మోసేవాళ్ళు ఆడిన నాటకంలో, నా స్నేహితురాళ్ళను కూడా ఎక్కించుకుంటేనే వస్తానని మొండికేస్తుంది. కొడుకులు మోసుకొచ్చి ఓడలో పడేస్తారు, నోవహు చెంప పగులుతుంది. జనం నవ్వే ఉంటారు. ఆమె అడిగింది మాత్రం నవ్వే విషయం కాదు. వాళ్ళేం పాపం చేశారని?

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణముంది. నేనుండేది పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 నుంచి శ్రీ విజయపురం. 2004 డిసెంబరు 26న సునామీ నికోబార్ దీవుల్లో ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేసింది. ఈ ద్వీపాల్లో వేలమంది చనిపోయారు, గల్లంతయ్యారు. ఆ రోజుల్లో ఒకాయన నాతో, పాపాలు పెరిగినందుకే ఇదంతా, దేవుడు తనవాళ్ళను కాపాడుకున్నాడు అన్నాడు. ఆయన మతం ఏదో చెప్పను. ఏ మతంవాడైనా అనగల మాటే అది. కదిలింది సముద్రగర్భంలోని భూఫలకం. అది ఎవరి పాపాల పట్టీ చూసిందని? పోయినవాళ్ళలో పసిపిల్లలున్నారు కదా అంటే, విధి అన్నాడు.

యార్క్ నాటకంలో నీళ్ళు తీశాక నోవహు భార్య అడుగుతుంది, మన చుట్టాలూ తెలిసినవాళ్ళూ ఎక్కడని. అందరూ మునిగిపోయారు, ఇక గోల ఆపమంటాడు నోవహు.

యార్క్‌లో ఆ నాటకాలు చివరిసారి ఆడింది 1569లో. ప్రొటెస్టంట్ అధికారులకు అవి గిట్టలేదు.