తాడు ఎవరి చేతిలో ఉంది? ఇంటి లిఫ్ట్ వెనకున్న కథ

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లోంచే మొదలుపెడతాను.

మేం ఉండేది మేడ మీద. కింద పోర్షన్ అద్దెకిచ్చాం. మా నాయనమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. హాస్పిటల్‌కి వెళ్లాలంటే ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ నాన్నా చెరోవైపు పట్టుకుని దింపుతాం. పోయిన నెల సగం మెట్ల మీద నా చెయ్యి జారింది. నాన్న ఆపేశాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి ఆవిడ కిందికి రానంటోంది. మేనకోడలి పెళ్లికి కూడా రానంది. లిఫ్ట్ పెట్టిద్దాం అన్నాను. వెంటనే అడిగింది: "కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుపోనూ?"

ఈ భయం కొత్తది కాదండి. లిఫ్ట్ చరిత్ర అంతా ఈ భయంతోనే నడిచింది.

1854, న్యూయార్క్. ఎలీషా ఓటిస్ అనే ఆయన జనం ముందు ఎత్తులో ఉన్న ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడుని కోయించేశాడు. ప్లాట్‌ఫామ్ కింద పడలేదు, సేఫ్టీ బ్రేక్ పట్టేసింది. 1857లో అదే ఊళ్లో ఐదంతస్తుల షాపులో మనుషులెక్కే లిఫ్ట్ పెట్టారు. కానీ అది షాపింగ్‌కి వచ్చేవాళ్ల కోసం. ఇంట్లో నడవలేని మనిషి సంగతి అప్పటికి ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు అసలు కథ. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెలుసు కదా, 1933 నుంచి 1945 దాకా అమెరికా ప్రెసిడెంట్. 1921లో, 39 ఏళ్ల వయసులో జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి. పోలియో అన్నారు. హైడ్ పార్క్‌లోని ఆయన సొంతింట్లో పెట్టెలు పైకి చేరవేసే చిన్న లిఫ్ట్ ఒకటుంది. ఆయన వీల్‌చైర్‌తో అందులోకి వెళ్లి, తాడు తన చేతులతోనే లాక్కుంటూ పై అంతస్తుకి చేరేవాడు. డబ్బున్న కుటుంబం, కరెంటు మోటార్ పెట్టించుకోలేక కాదు. మంటలంటుకుని కరెంటు పోతే లోపల చిక్కుకుపోతానని ఆయన భయం! మా నాయనమ్మ అడిగిందీ అదే.

1920ల్లోనే పెన్సిల్వేనియాలో క్రిస్పెన్ అనే కార్ల డీలర్, జబ్బుపడ్డ స్నేహితుడి కోసం మెట్ల పక్కన పట్టా మీద నడిచే కుర్చీ తయారుచేశాడు. మంచి ఆలోచనే. కానీ వీల్‌చైర్‌లోంచి ఆ కుర్చీలోకి మారాలి. మారలేని వాళ్లకి మళ్లీ ఇంకొకరి చెయ్యి కావాలి. వీల్‌చైర్‌తో, మొబిలిటీ స్కూటర్‌తో నేరుగా లోపలికెళ్లే ఇంటి లిఫ్ట్ విలువ అక్కడే తెలుస్తుంది.

మన దేశంలో 2016 చట్టం జనం వచ్చే భవనాల్లో దారి ఉండాలంది. మన ఇంటి మెట్ల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. పెట్టించేవాళ్లు ముందు మీ వీల్‌చైర్ కొలతలు తీసుకోండి. స్కూటర్ అయితే పొడవెక్కువ, తిరగడానికి జాగా కూడా కావాలి. కరెంటు పోతే బ్యాటరీతో దగ్గరి అంతస్తుకి చేర్చి తలుపు తెరిచే ఏర్పాటు ఉందా అని తప్పకుండా అడగండి.

ఇదంతా నాయనమ్మకి చెప్పాను. రూజ్‌వెల్ట్ కథ విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "బటన్ నేనే నొక్కుకోవచ్చా?"

పడిపోతానన్న భయం ఒక్కటే కాదు, మా చేతుల్లో సామానులా దిగడం కూడా ఆవిడకి ఇష్టం లేదని నాకు అప్పుడర్థమైంది. నాన్న ఇంకా ఖర్చు లెక్కలేస్తున్నాడు. నేను మాత్రం బటన్ ఎంత ఎత్తులో ఉండాలో ఆవిడ చెయ్యి చాపించి గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టేశాను.

మీ ఇంట్లో కిందికి రావడం మానేసిన వాళ్లెవరైనా ఉంటే, ఎందుకు మానేశారో ఈ రోజే అడగండి. మళ్లీ కలుద్దాం.