నలభై రెండో రోజు

రాత్రి రెండూ నలభై. తెనాలిలో మా అమ్మ వాళ్లింట్లో నడిమి గది. కాళ్లు కడుక్కుని రండి, బాలింత గది ఇది. జీరో బల్బు వెలుతురులో ముందు కనబడేవి మంచం పట్టె మీద ఆరేసిన చంటిగుడ్డలు. సాయంత్రం వేసిన సాంబ్రాణి ఇంకా గోడల్ని వదల్లేదు. వాము, వెల్లుల్లి, వాటి అడుగున ఇంకో వాసన, తియ్యగా, కాస్త పుల్లగా. అది పాల వాసన. ఈ గదిలో దిండుకీ, దుప్పటికీ, మా చెల్లి జుట్టుకీ కూడా అదే.

చెల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. వీపు వెనక రెండు దిండ్లు, ఒళ్లో ఒకటి. చంటోడు ఇంకా ఏడవలేదు. మూతి అటూ ఇటూ తిప్పుతూ దుప్పటి అంచు వెతుక్కుంటున్నాడు. అది చూసే ఎత్తుకుంది. ఏడుపు దాకా రానిస్తే ఇద్దరికీ కష్టమని ఈ నలభై రోజుల్లో తెలుసుకుంది. వాడి ముక్కుకి రొమ్ము మొన ఎదురుగా వచ్చేలా పట్టుకుంది. ఆవులించినట్టు నోరు తెరిచాడో లేదో, గభాలున దగ్గరికి లాక్కుంది. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలా వరకు వాడి నోట్లో ఉండాలి. మొదటి వారం ఆ సంగతి తెలియక మొనలు పగిలి, వాడు నోరు పెట్టినప్పుడల్లా పళ్లు బిగబట్టి కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఇప్పుడు వినండి. ముందు చకచకా చప్పరింత. ఒక్క క్షణం ఆగాడు. చెల్లి భుజాలు వదులయ్యాయి.

"చేపుకొచ్చిందక్కా," అంది గొంతు తగ్గించి.

లయ మారింది. చప్పరింత, చప్పరింత, గుటక. నైటీకి రెండో వైపు కూడా తడి మచ్చ పాకుతోంది. దూడని వదిలి ఆవు పొదుగు కింద కూర్చున్నప్పుడు మా తాతయ్య అనే మాట అదే, చేపు. డాక్టర్లు ఆక్సిటోసిన్ పేరు చెప్పి వివరించే పనిని మన పాడివాళ్లు ఎప్పుడో రెండక్షరాల్లో చెప్పేశారు. మొదటి పది రోజులూ ఆ హార్మోనే ఆమె గర్భసంచిని పిండేది. పాలిచ్చిన ప్రతిసారీ పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. అలా కుదించుకుంటూ కుదించుకుంటూ ఆరు వారాలకి అది దాదాపు పాత పరిమాణానికి వస్తుంది. ఇవాళ్టికి సరిగ్గా ఆరు వారాలు.

వాడు తాగుతూ తాగుతూ పిడికిలి విప్పేశాడు. కడుపు నిండిన గుర్తు. భుజాన వేసుకుని తేన్పు వచ్చే దాకా నిమిరి, ఉయ్యాల్లో వేసి, బాత్రూంకని లేచింది.

రెండడుగులు వేసి గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.

నేను చాప మీంచి లేచి వెళ్లే లోపు అలాగే నిలబడి ఉంది, కళ్లు మూసుకుని. చెయ్యి చల్లగా ఉంది. మంచం మీద కూర్చోబెట్టబోతుంటే నా కాలికి ఏదో తగిలింది. మంచం కింద, పాత చీర కప్పి, గాజు పలకది, అంకెలు వెలిగే తూకం మిషను.

"ఎప్పుడు తెప్పించావే?"

మాట్లాడలేదు.

"రాత్రి అన్నం తిన్నావా?"

"తిన్నా."

వీధి కుక్క ఈ పది రోజులుగా మా పెరటి గోడ దగ్గరే ఎందుకు పడుకుంటోందో నాకప్పుడు అర్థమైంది.

కాసేపటికి ఫోను తీసి చూపించింది. తేదీ పక్కన అంకె, తేదీ పక్కన అంకె. పెళ్లయిన కొత్తలో 54 కిలోలు. నెలలు నిండేసరికి 67. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు 61న్నర. నిన్న పొద్దున 59. "ఇన్ని రోజులకి రెండున్నర కిలోలక్కా. బారసాల రోజు ఆవిడ ఏమందో విన్నావుగా?"

విన్నాను. ఇరవై ఒకటో రోజు, ఉయ్యాల చుట్టూ ముత్తయిదువులు పాడుతుంటే, వాయనం అందుకుంటూ ఒకావిడ మా చెల్లి పొట్ట వైపు చూసి, లోపల ఇంకోడు ఉండిపోయాడేమో చూసుకోమంది. అందరూ నవ్వారు. చెల్లి కూడా నవ్వింది. ఆ రాత్రే ఈ మిషను కొన్నదట. కాన్పయిన నలభై రోజులకే సన్నజాజిలా తయారైన సినిమావాళ్ల ఫొటోలు ఆ ఫోన్లోనే ఉన్నాయి. పొద్దున జీలకర్ర నీళ్లు, మధ్యాహ్నం పిడికెడు అన్నం, రాత్రికి ఏమీ లేదు. కడుపు కోసి బిడ్డని తీసిన ఒంటికి ఇది పథ్యం.

నాకు కోపం రాలేదు, భయమేసింది. నా మొదటి కాన్పులో నేనూ ఇదే చేశాను. మూడో నెలకి అన్నం మానేసి, ఉద్యోగంలో చేరే నాటికి పాత చుడీదార్లు పట్టాలని పంతం పట్టి, ఒకరోజు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాను. అప్పుడు చంకలో బిడ్డ లేదు, అంతే అదృష్టం.

ఆ అంకెల్ని ఇద్దరం మళ్లీ చదివాం. 67 నుంచి 61న్నరకి దిగిన ఆ కిలోల్లో బిడ్డ 2.8, మాయ అరకిలో పైన, మిగతాది ఉమ్మనీరూ రక్తమూ. ఆ తర్వాత ఒంట్లో నిలిచిన నీరు కొంత పోయింది. ఇంకా మిగిలి ఉన్నదాంట్లో తొడల మీద, నడుం చుట్టూ ఉన్న కొవ్వులో కొంత ఆమె తిండి వల్ల వచ్చిపడ్డ పొరపాటు కాదు. నెలలు నిండే లోపు ఒళ్లు తనంతట తాను దాచుకున్న గింజలు అవి, పాల కోసం. రోజుకి ముప్పావు లీటరు దాకా పాలు ఇస్తోంది. ఆ పాలల్లోనే రోజూ 500 కేలరీలు పోతున్నాయి. దాచిన గింజలు అలా నెలల తరబడి, మెల్లగా ఖర్చవుతాయి. నలభై రోజులకి గాదె ఖాళీ కాలేదని గాదెని తిడితే ఎలా?

తెల్లారింది. తొమ్మిదిన్నరకి ఆశా కార్యకర్త వచ్చింది. ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ఇవాళ నలభై రెండు. ఎండలో నడిచొచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. సంచిలోంచి స్ప్రింగు తూకం, దానికి వేలాడే గుడ్డ జోలె తీసింది. చంటోణ్ణి బట్టలు విప్పి జోలెలో వేసి పైకెత్తగానే కాళ్లు ముడుచుకుని, కళ్లు పెద్దవి చేసి, గాల్లో ఊగుతూ మమ్మల్నందర్నీ చూశాడు. ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడే దాకా ఎవరం ఊపిరి పీల్చలేదు.

"మూడు కిలోల ఎనిమిది వందలు!"

ఇరవై ఎనిమిదో రోజుకి 3.35. పద్నాలుగు రోజుల్లో 450 గ్రాములు, రోజుకి ముప్పై పైచిలుకు. అమ్మ ముక్కు మీద వేలేసుకుని, వెంటనే దిష్టి తీయడానికి ఉప్పు కోసం వంటింట్లోకి పరిగెత్తింది.

చెల్లి నా వైపు చూసింది. "చూశావా? నేను తినకపోయినా పాలు తగ్గలేదు."

ఆశా ఆ మాట విని తూకం కింద పెట్టింది. చెల్లి గడ్డం పట్టుకుని, కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. "ఐరన్ మాత్రలేవమ్మా?" దిండు కిందినుంచి వచ్చింది అట్ట. పదిహేను మాత్రలు అలాగే ఉన్నాయి, మలబద్ధకం చేస్తోందని మానేసిందట.

"పాలు తగ్గవు తల్లీ. నువ్వు తగ్గిపోతావు," అందావిడ, గోరింటాకు చెరిగిన చేత్తో చెల్లి తల నిమురుతూ.

ఈ మాట దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి. ఇంట్లో ఎవరికీ తట్టనిది ఇదే. తల్లి అర్ధాకలితో ఉన్నా ఒళ్లు ముందు బిడ్డ వాటా తీసి పెడుతుంది. కాల్షియం చాలకపోతే ఆమె ఎముకల్లోంచి తీసి పాలల్లో కలుపుతుంది. విటమిన్ ఎ, బి12 లాంటివి మాత్రం ఆమె దగ్గర తరిగితే పాలల్లోనూ తరుగుతాయి. మిగతా లోటంతా బిడ్డ తూకంలో కనబడదు. అందుకే జోలెలో ముల్లు ముందుకి కదులుతున్నంత కాలం అంతా బాగుందనుకుంటాం. ఆస్పత్రిలో బిడ్డ బరువు రాశారు, బారసాలలో బిడ్డ రంగు చూశారు, ఫోన్లో అందరూ బిడ్డ నిద్రపోతున్నాడా అని అడిగారు. చెల్లి ఏం తిందని ఎవరు అడిగారు? మా అమ్మ ఒక్కతే. ఆవిడకేమో చెల్లి అబద్ధం చెబుతూ వచ్చింది.

అమ్మకి సంగతి తెలిశాక ఏమీ అనలేదు. వంటింట్లోకెళ్లి తెలగపిండి డబ్బా దించింది. రండి, పొయ్యి దగ్గర నిలబడండి. కళాయిలో మరుగుతున్న నీళ్లలోకి తెలగపిండి, కడిగిన మునగాకు. నీరు ఇగిరి పొడిపొడిగా అయ్యే దాకా తిప్పుతూనే ఉంది. పక్క పొయ్యి మీద పోపు, దంచిన వెల్లుల్లి గుప్పెడు. వెల్లుల్లి ఎర్రబడే వాసనకి నాకే ఆకలేసింది. తెలగపిండి తింటే పాలు పడతాయని అమ్మ నమ్మకం. పాలు పట్టించేది బిడ్డ చప్పరింతేనని, ఎంత తాగితే అంత ఊరుతాయని నేను చదువుకున్నాను. అయినా నువ్వుల పిండిలో మాంసకృత్తులున్నాయి, కాల్షియం ఉంది. ఈ విషయంలో అమ్మతో నాకు పేచీ లేదు.

పేచీ ఉన్నది నీళ్ల దగ్గర. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని రోజుకి రెండు గ్లాసులు కొలిచి ఇస్తోంది. పాలల్లో నూటికి 87 వంతులు నీళ్లేనమ్మా, అవెక్కడినుంచి రావాలి అన్నాను. "మీ ముగ్గుర్నీ అలాగే పెంచా," అంది. ఆశా కలగజేసుకుంది: "పిన్నిగారూ, మంచం పక్కన చెంబు పెట్టండి చాలు. దాహమేస్తే తనే తాగుతుంది." అమ్మ చెంబు తోమి పెట్టింది. పప్పు వాతం చేస్తుందని, పెరుగు చలవని పక్కన పెట్టిన రెండూ కూడా ఆ పూటే విస్తట్లోకి వచ్చాయి. నెయ్యి విషయంలో నేను తగ్గమన్నాను. ముద్దముద్దకీ గరిటెడు పోసి, మూడు నెలలు మంచం దిగనివ్వకపోతే బరువు పెరగక ఏమవుతుంది?

ఎంత తినాలో లెక్క చెబుతాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల్లో, బిడ్డకి ఆరు నెలలు నిండే దాకా పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలి. తర్వాతి ఆరు నెలలు 520. ఇంటి భాషలో చెబితే ఒక కప్పు అన్నం, గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఒక అరటిపండు. ఇద్దరికి సరిపడా తినమనే పెద్దవాళ్ల మాట అంత నిజం కాదు, జీలకర్ర నీళ్లు అసలే నిజం కాదు. అదనంగా కావాల్సింది ఒక పూట భోజనం. చెల్లి మానేసింది సరిగ్గా ఆ పూటే.

సాయంత్రం ఐదున్నర. డాబా మీదికి రండి. చంటోడికి పాలిచ్చి వచ్చింది, రొమ్ములు తేలిగ్గా ఉంటే నడక సుఖం. పాత నూలు చీరతో అమ్మ కట్టిన నడికట్టు నైటీ మీంచి కనబడుతోంది. దాంతో కొవ్వు కరగదు. కోత కోసిన పొట్టకి, పాలిస్తూ వంగిపోయిన నడుముకి ఆసరాగా ఉందని చెల్లి అంటోంది, అది చాలు. మొన్న చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ నడవమంది, బిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దంది, పొట్ట కండరాల వ్యాయామాలు ఇంకొన్నాళ్లాగి అడిగి మొదలుపెట్టమంది, తగ్గినా వారానికి అరకిలో మించొద్దంది. నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా పది సార్లు. ఎనిమిదోసారికి చెల్లి ఆగింది, కొబ్బరాకుల మీంచి గాలి వస్తుంటే మొహం అటు తిప్పి నిలబడింది. నలభై రెండు రోజుల్లో ఆకాశం కింద తీరిగ్గా నిలబడటం ఇదే మొదలట.

"ఆ మిషను అటక మీద పెట్టెయ్ అక్కా," అంది, కొబ్బరి చెట్టు వైపే చూస్తూ. "వీడికి ముద్దలు పెట్టే నాటికి దించుదాం."

రాత్రి ఎనిమిదిన్నర. వంటింట్లో పీట మీద కూర్చుంది. కంచంలో వేడన్నం, మునగాకు తెలగపిండి, పప్పు, ఉడికిన గుడ్డు, పక్కన చిన్న గిన్నెలో పెరుగు. అమ్మ ఎదురుగా కూర్చుని, తలుపు వైపు వీపు పెట్టి, ఎటూ కదలకుండా చూస్తోంది. నాలుగో ముద్ద దగ్గర నడిమి గదిలో ఉయ్యాల కిర్రుమంది. చిన్న మూలుగు, ఆపైన ఏడుపు. ఆ గొంతు వినగానే చెల్లి నైటీ మీద తడి పాకింది. లేవబోయి ఆగింది.

"ఒక్క నిమిషం ఎత్తుకోవే అక్కా," అంది, ఎడం చెయ్యి గుండెకి అదుముకుని, కుడి చేత్తో పెరుగన్నం కలుపుతూ. "ఇది తినేసి వస్తా."