ఫొటో పంపే ముందు.. కొలత చూసుకోండి!

శ్రీకాకుళం, విజయనగరం: ఉద్యోగ దరఖాస్తుకు జతపరచే ఫొటో, తుపానుకు కూలిన కొబ్బరిచెట్టు ఫొటో, పొందూరు ఖద్దరు చీర ఫొటో, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటో.. వీటన్నింటినీ తీసేది నేడు ఒకే సెల్‌ఫోను. చేరవలసిన చోట్లు మాత్రం వేర్వేరు. ఒకచోట 50 కేబీ దాటితే ఫైలును స్వీకరించరు. మరోచోట తగ్గించి పంపితే అచ్చుకు పనికిరాదు. ఇంకోచోట ఫైలులో దాగిన తేదీ, స్థల వివరాలే దాని విలువ. కాబట్టి ఫొటోకు సరైన సైజు అంటూ ఒక్కటి లేదు. అది ఎక్కడికి వెళుతుందన్న దాన్ని బట్టే కొలత నిర్ణయమవుతుంది. అన్నింటికీ వర్తించే నియమం ఒక్కటే: అసలు ఫైలును తాకకుండా భద్రపరచాలి, దాని నకలును మాత్రమే తగ్గించాలి.

పిక్సెల్ వేరు.. కేబీ వేరు

ఫొటో సైజు అన్న మాటలో రెండు కొలతలు కలిసిపోతుంటాయి. మొదటిది పొడవు వెడల్పులు. వీటిని పిక్సెళ్లలో లెక్కిస్తారు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో సాధారణంగా 4000 పొడవు, 3000 వెడల్పు పిక్సెళ్లు ఉంటుంది. రెండోది ఫైలు బరువు. దీనిని కేబీ, ఎంబీలలో చెబుతారు. కుదించకుండా దాచితే పై ఫొటో సుమారు 36 ఎంబీ అవుతుంది. జేపీఈజీ పద్ధతిలో కుదించడం వల్లనే అది మూడు నుంచి ఐదు ఎంబీలకు దిగుతుంది.

1992లో ప్రమాణంగా రూపొందిన జేపీఈజీ, చిత్రాన్ని 8 పిక్సెళ్ల చదరపు గడులుగా విభజించి, కంటికి అంతగా తెలియని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. నాణ్యత అంకె 80-85 మధ్య ఉంచితే తేడా దాదాపు కనిపించదు. మరీ తగ్గిస్తే గడులు పైకి తేలతాయి. చాలా సందర్భాల్లో రంగుల వివరాలను మరింత ఎక్కువగా కుదిస్తారు. అందుకే కుంకుమ బొట్టు, ఎర్రటి చీర అంచు ముందుగా చెదురుతాయి. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. దిద్దిన ప్రతిసారీ మళ్లీ జేపీఈజీగా భద్రపరిస్తే నష్టం పెరుగుతూనే ఉంటుంది. అక్షరాలు, గీతలు, పటాలున్న చిత్రాలకు వివరం పోగొట్టని పీఎన్‌జీ మేలు. సాధారణ ఫొటోలకు మాత్రం అది అనవసరపు బరువు.

సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. సాయంత్రం వేళ తక్కువ వెలుతురులో తీసిన ఫొటోల్లో చుక్కచుక్కలుగా రేణువులు వస్తాయి. వీటిని కూడా వివరాలుగానే లెక్కించడం వల్ల ఫైలు బరువు పెరుగుతుంది. బరువు తగ్గించాలంటే నాణ్యత అంకెను దించడం కన్నా పొడవు వెడల్పులను తగ్గించడమే మంచిది.

దరఖాస్తులో ఫొటోయే అడ్డంకి కారాదు

బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ ఇచ్చే ప్రకటనల్లో ఫొటో 200 వెడల్పు, 230 ఎత్తు పిక్సెళ్లతో 20-50 కేబీ, సంతకం 140, 60 పిక్సెళ్లతో 10-20 కేబీ ఉండాలని పేర్కొంటూ వచ్చారు. ఇతర సంస్థల కొలతలు వేరుగా ఉంటాయి. ఏటా మారవచ్చు కూడా. కాబట్టి ఆ ఏటి ప్రకటననే ప్రమాణంగా తీసుకోవాలి.

తగ్గించేటప్పుడు వరుస ముఖ్యం. ముందు కోరిన నిష్పత్తిలో ఫొటోను కత్తిరించాలి. తరువాత పిక్సెళ్లను తగ్గించాలి. చివరగా నాణ్యత అంకెను మార్చి కేబీ పరిమితిలోకి తేవాలి. కత్తిరించకుండా సాగదీస్తే ముఖం వికృతమవుతుంది. నాణ్యతనే తగ్గించుకుంటూ పోతే ముఖం గడులుగా మారుతుంది. ముఖం గుర్తించలేనట్లున్నా, సంతకం చదవలేనట్లున్నా దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. తెల్ల కాగితంపై నల్ల సిరాతో సంతకం చేసి, చుట్టూ ఉన్న ఖాళీని తీసివేస్తే తక్కువ కేబీలలోనూ స్పష్టంగా ఉంటుంది.

2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ పద్ధతిలో దాచుకుంటున్నాయి. చాలా దరఖాస్తు సైట్లు దీనిని అంగీకరించవు. ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన ఫైలు మారదు. కెమెరా సెట్టింగ్స్‌లోని ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే, అప్పటి నుంచి తీసే ఫొటోలు జేపీఈజీగా వస్తాయి. నెట్ సెంటరులో పని పూర్తయ్యాక ఫొటో, సంతకం, ఆధార్ నకళ్లను అక్కడి కంప్యూటరులోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తొలగించాకే లేవాలి.

తుపాను నష్టానికి తేదీ, చోటు ముఖ్యం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఇలాంటి వేళ దారి కోసమో, తిరిగి నాటడం కోసమో చెట్లను తొలగించక తప్పదు. పరిహారానికి అధికారుల క్షేత్ర పరిశీలనే కీలకం. అయినా తొలగింపునకు ముందు తోట ఎలా ఉందో చెప్పేందుకు ఫొటో ఒక ఆధారం.

ఫొటో తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు ఎక్సిఫ్ అనే సమాచారంగా ఫైలులోనే నమోదవుతాయి. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇస్తే అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. వాట్సప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ సమాచారం తొలగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు యథాతథంగా వెళుతుంది. కాబట్టి నష్టం ఫొటోలకు లొకేషన్ తెరచి, ఫోను గడియారం సరిచూసుకోవాలి. తోట మొత్తం కనిపించేలా ఒకటి, కూలిన చెట్టు దగ్గరగా ఒకటి, సర్వే రాయి, బావి, షెడ్డు వంటి గుర్తుతో కలిపి మరొకటి తీయాలి. రంగులు దిద్దరాదు, కత్తిరించరాదు.

అదే లొకేషన్ ఇంట్లో తీసిన ఫొటోల విషయంలో ప్రమాదం. పిల్లల ఫొటోను అసలు ఫైలుగా అపరిచితులకు పంపితే ఇంటి చిరునామా ఇచ్చినట్లే. అలాంటప్పుడు లొకేషన్ తొలగించిన నకలునే పంపాలి.

వాట్సప్ నకలు ఆల్బమ్‌కు చాలదు

ఈ జిల్లాల నుంచి హైదరాబాద్, విశాఖపట్నం, గల్ఫ్ దేశాలకు కూలి పనులకు, గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వారికి ఇంటి శుభకార్యాలు చేరేది వాట్సప్‌లోనే. మామూలుగా పంపిన ఫొటోను వాట్సప్ పొడవైన వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిస్తుంది. 12 మెగాపిక్సెల్ ఫొటోలో మిగిలేది దాదాపు ఆరో వంతు. ఫోను తెరకు ఇది చాలు. అచ్చుకు చాలదు.

మంచి అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 6x4 అంగుళాల ఫొటోకు 1800, 1200 పిక్సెళ్లు, 12x8 ఆల్బమ్ పుటకు 3600, 2400 పిక్సెళ్లు అవసరం. వాట్సప్ నకలును 12x8లో వేస్తే అంగుళానికి 133 మాత్రమే దక్కుతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఇంత పట్టింపు లేదు. ఆరడుగుల ఫ్లెక్సీకైనా 12 మెగాపిక్సెల్ అసలు ఫైలు సరిపోతుంది.

2023 ఆగస్టులో వాట్సప్ హెచ్‌డీ ఎంపికను ప్రవేశపెట్టింది. ఇది మేలే అయినా అందులోనూ కొంత కుదింపు ఉంటుంది. స్టూడియోకు, ఆల్బమ్‌కు పంపేవి డాక్యుమెంటుగానే పంపాలి. ఫోను నిండిందని అసలును చెరిపి వాట్సప్ నకలును ఉంచుకోవడం పెద్ద పొరపాటు. పెద్దల పాత ఫొటోలను ఫోనుతో తీయడం కన్నా 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో, మరొకటి వేరేచోట దాచడం మంచిది.

ఖద్దరు తెల్లదనం.. వీణ నగిషీ

పొందూరు ఖద్దరు సన్నని నూలుకు, బొబ్బిలి వీణ పనస కర్ర నగిషీకి ప్రసిద్ధి. కొనేవారు ఫొటో చూసి బేరమాడే రోజుల్లో ఈ పనితనం తెరపై కనిపించకపోతే నష్టపోయేది నేతకారుడు, వీణ తయారీదారుడే. తెరనిండా తెల్ల వస్త్రమే ఉంటే కెమెరా దానిని బూడిదరంగుగా చూపుతుంది. వెలుగును ఒకింత పెంచాలి. ట్యూబులైటు కింద కాక, నీడపట్టున పగటి వెలుగులో తీయాలి.

సన్నని గళ్లు, చారలున్న చీర ఫొటోను బాగా చిన్నది చేస్తే బట్టలో లేని అలలు కనిపిస్తాయి. కెమెరా దూరం, కోణం కాస్త మార్చి మళ్లీ తీస్తే ఇవి తగ్గుతాయి. చీర మొత్తానికి ఒకటి, అంచుకు ఒకటి, నేతకు దగ్గరగా ఒకటి చొప్పున పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080 పిక్సెళ్ల వెడల్పు, ఫేస్‌బుక్‌కు పొడవైన వైపు 2048 పిక్సెళ్లు సరిపోతాయి. రంగులకు ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుంటే ఎక్కువ ఫోన్లలో ఒకేలా కనిపిస్తాయి.

సిగ్నల్ లేనిచోట చిన్నదే మేలు

సీతంపేట, కురుపాం వంటి మన్యం ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కొండ గ్రామాల్లో సిగ్నల్ బలహీనం. సెకనుకు 256 కిలోబిట్ల వేగంలో నాలుగు ఎంబీల ఫొటో వెళ్లేందుకు రెండు నిమిషాలకు పైగా పడుతుంది. 300 కేబీ నకలు పది సెకన్లలోపే చేరుతుంది. అత్యవసర సమాచారమైతే ముందు చిన్న నకలు పంపి, సిగ్నల్ అందే చోటికి వచ్చాక అసలు ఫైలు పంపాలి.

మన కట్టడాలకు పూర్తి సైజు

శాలిహుండం బౌద్ధ క్షేత్రం, శ్రీముఖలింగం ఆలయం, విజయనగరం కోట వంటి వాటి ఫొటోలను 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా చేర్చవచ్చు. వాటిని 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా వ్యాసాల్లోనూ వాడతారు. ఇక్కడ తగ్గించకుండా పూర్తి సైజులోనే చేర్చాలి. చిన్న రూపాలను ఆ సైటే తయారు చేసుకుంటుంది. తాము తీసిన ఫొటోలనే చేర్చాలి. అక్కడి లైసెన్సు ప్రకారం వాటిని ఇతరులు వ్యాపారానికీ వాడుకోవచ్చని ముందే తెలుసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

• అసలు ఫైలును చెరపరాదు. నకలుకు వేరే పేరు పెట్టి దానినే దిద్దాలి.
• దరఖాస్తుకు: కత్తిరింపు, పిక్సెళ్లు, ఆపై కేబీ.
• అచ్చుకు, ఆధారానికి: డాక్యుమెంటుగా పంపాలి.
• అపరిచితులకు: లొకేషన్ తొలగించిన నకలే పంపాలి.
• ఫోను స్క్రీన్‌షాట్‌ను అసలు ఫొటోకు బదులు వాడరాదు.
• గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ లేదు. ఉచితంగా దక్కే 15 జీబీలోనే జీమెయిల్ కూడా ఉంటుంది. ముఖ్యమైన ఫొటోలకు రెండో ప్రతి తప్పనిసరి.