భాష రాని దేశానికి సొంతంగా కుటుంబ యాత్ర: డిండోలి నుంచి బ్యాంకాక్ వరకు తెలుసుకోవలసిన విషయాలు

సూరత్: ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీ లేకుండా, స్థానిక భాష తెలియకుండా కుటుంబ సమేతంగా విదేశానికి వెళ్లిరావడం సాధ్యమే. అయితే అక్కడ మాట్లాడవలసిన మాటల్లో అధిక భాగాన్ని ఇక్కడే కాగితంపైకి ఎక్కించుకోవాలి. ఇంగ్లిష్ వచ్చిన ఒక్కరిపైనా, వారి ఒక్క ఫోనుపైనా కుటుంబమంతా ఆధారపడటమే ఇటువంటి యాత్రల్లో ప్రధానమైన ముప్పు.

ఉధ్నా, లింబాయత్‌లకు చేరువలో ఉన్న డిండోలి పరిసరాల్లో మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ, హిందీ, మరాఠీలతో నెట్టుకురావడం ఈ కుటుంబాలకు అలవాటే. థాయ్‌లాండ్‌లో మాత్రం ఇవేవీ అక్కరకు రావు. లిపి కూడా పూర్తిగా వేరు.

సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా కల్పించేందుకు 2023 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2024 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సూరత్–బ్యాంకాక్ విమాన సర్వీసును ప్రారంభించింది. మగ్గాలు, వస్త్ర మార్కెట్లు మూతపడే దీపావళి సెలవులు కుటుంబాలకు అనువైన సమయం. విమానాల రోజులు, వేళలు మారుతుంటాయి కనుక ముందుగా నిర్ధారించుకోవాలి.

పత్రాలు

ప్రయాణ తేదీ నాటికి ప్రతి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండటం క్షేమం. పిల్లలకు విడిగా పాస్‌పోర్టు తప్పనిసరి. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లితే, పిల్లలది సాధారణంగా ఐదేళ్లే చెల్లుతుంది. 18 నుంచి 50 ఏళ్ల మధ్య వయసుండి పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ విభాగంలోకి వస్తుంది. ఈసీఆర్ దేశాల జాబితాలో థాయ్‌లాండ్ ఉంది. ఉద్యోగానికి కాక విహారానికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ అనుమతి అవసరం లేదు; అయితే తిరుగు ప్రయాణ టికెట్టు, హోటల్ బుకింగ్ పత్రాలు చేతిలో ఉండాలి.

భారతీయ పర్యాటకులకు థాయ్‌లాండ్ 2024 జూలైలో 60 రోజుల వీసా రహిత ప్రవేశాన్ని కల్పించింది. ఇటువంటి నిబంధనలు మారే అవకాశం ఉన్నందున టికెట్టు కొనే ముందే థాయ్ రాయబార కార్యాలయ సమాచారాన్ని సరిచూసుకోవాలి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి అయింది. చేరుకునే తేదీకి ముందు మూడు రోజుల వ్యవధిలో, పిల్లలతో సహా ప్రతి ఒక్కరి వివరాలను థాయ్ ఇమిగ్రేషన్ అధికారిక వెబ్‌సైటులో నమోదు చేయాలి. ఇది ఉచితం, రుసుము అడిగే వెబ్‌సైట్లను నమ్మరాదు.

ప్రతి జేబులో ఒక చీటీ

వృద్ధులు, పిల్లలతో సహా ప్రతి ఒక్కరి వద్ద ఒక చీటీ ఉండాలి. దానిపై హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలోనూ ఇంగ్లిష్‌లోనూ, కుటుంబంలో ఇద్దరి ఫోన్ నంబర్లు దేశ కోడ్‌తోనూ రాయాలి. థాయ్ చిరునామాను ముందుగానే పంపమని హోటల్‌ను కోరవచ్చు. ఒకరి రక్తపోటు, మధుమేహం మందుల పేర్లు, ఆహార అలర్జీలు కూడా అదే చీటీపై ఉంటే ఆసుపత్రిలో మాటల కోసం వెతుక్కునే అవసరం తప్పుతుంది. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ప్రతి ఉదయం నిర్ణయించుకోవాలి.

అనువాదం, ప్రయాణం

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, థాయ్ రెండూ ఉన్నాయి. బయలుదేరే ముందే రెండు భాషలనూ కనీసం రెండు ఫోన్లలో డౌన్‌లోడ్ చేసుకోవాలి. చిన్న వాక్యాలే వాడాలి. వచ్చిన థాయ్ వాక్యాన్ని తిరిగి తెలుగులోకి మార్చి అర్థం సరిపోయిందో లేదో చూసుకోవాలి. గ్రాబ్ వంటి యాప్‌లో గమ్యం, ఛార్జీ ముందే తెరపై కనిపిస్తాయి కాబట్టి బేరంతో పని లేదు. బ్యాంకాక్ మెట్రో స్టేషన్లలో పేర్లు ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. నగరంలో రెండు విమానాశ్రయాలు ఉన్నందున టికెట్టుపై పేరు చూసుకోవాలి. ‘సువర్ణభూమి’ని స్థానికులు ‘సువన్నపూమ్’ అని పలుకుతారు.

భోజనం

మాంసం కనిపించని వంటకంలోనూ ‘నామ్ ప్లా’ అనే చేపల సాస్ ఉండవచ్చు. పసుపు రంగుపై ఎరుపు అక్షరాలతో కనిపించే ‘జే’ గుర్తు ఉన్నచోట మాంసం, చేపలు, గుడ్లు, పాలు లేని భోజనం లభిస్తుంది. ‘కారం వద్దు’ అనడానికి ‘మై ఫెట్’ అనాలి. పలకరింపు ‘సవాస్దీ’ సంస్కృత ‘స్వస్తి’ నుంచి పుట్టినదే. పురుషులు దాని చివర ‘ఖ్రప్’, స్త్రీలు ‘ఖా’ చేర్చితే మర్యాద.

ఆపద వేళ

పర్యాటక పోలీసు నంబరు 1155, సాధారణ పోలీసు 191, అంబులెన్స్ 1669. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు పత్రం తీసుకుని, బ్యాంకాక్ సుఖుమ్‌విత్ ప్రాంతంలోని భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాలి. స్వదేశానికి తిరిగి రావడానికి అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. పాస్‌పోర్టు నకళ్లను, కొంత థాయ్ బాట్ నగదును కనీసం ఇద్దరు పెద్దల సంచుల్లో విడివిడిగా ఉంచుకోవాలి.