ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు తరలింపు

ఒక ప్రాజెక్టు కోడును, బగ్గుల నమోదును, చర్చలను పాత సర్వర్ నుంచి గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ వంటి వేదికకు మార్చడం. లోహిత్ తెలుగు ఉన్న లోహిత్ ఫాంట్ల ప్రాజెక్టుకూ ఈ అవసరం వచ్చింది. దానికి నెలవైన ఫెడోరా హోస్టెడ్ అనే వేదిక 2017లో మూతపడింది. కోడు చేరగానే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. గిట్ నకలు తీస్తే పూర్తి చరిత్ర వెంటే వస్తుంది కాబట్టి కోడు తేలిగ్గానే కదులుతుంది. చిక్కంతా బగ్గుల దగ్గరే. ఫలానా ఒత్తు పక్క అక్షరానికి తగులుతోందన్న ఫిర్యాదు, దానికి జతచేసిన స్క్రీన్‌షాట్, సవరణ అలాగే ఎందుకు చేయాల్సి వచ్చిందన్న వాదన గిట్‌లో ఉండవు. ఉదాహరణకు, పైథాన్ భాష కోడు 2017 ఫిబ్రవరిలో గిట్‌హబ్‌కు చేరితే, బగ్గుల నమోదు చేరేసరికి 2022 ఏప్రిల్ అయింది. పాత, కొత్త బగ్గుల సంఖ్యలు కలగాపులగం కాకుండా వాటికి వేర్వేరు ముందుగుర్తులు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఉమ్మడి శ్రమను ఒక కంపెనీ చేతిలో పెట్టడమేమిటన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. గూగుల్ కోడ్ 2016లో మూతపడింది. 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. గ్నోమ్, డెబియన్ ప్రాజెక్టులు అదే ఏడాది తామే నడుపుకునే గిట్‌ల్యాబ్‌కు మారాయి. అయితే ఫెడోరా హోస్టెడ్‌ను నడిపిందీ ఫెడోరా ప్రాజెక్టే, అయినా అది మూతపడింది. సర్వర్ ఎవరిదన్నదాని కన్నా, బగ్గుల చరిత్రను మొత్తంగా దించుకునే వీలుందా అన్నదే వేదికను ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది.