కొర్రమట్ట ఎగరకుండా.. ఊపిరి ఆగకుండా మూత

కరీంనగర్, ఆదిలాబాద్: రాత్రి తొట్టెలో ఈదిన చేప తెల్లవారేసరికి గచ్చుపై ఎండి పడి ఉండటం చేపలు పెంచే ఇళ్లకు కొత్త కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలా ఎగిరిపడే చేపల్లో మొదట చెప్పుకోవలసినది కొర్రమట్ట. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను ఇదే. మృగశిర కార్తె నాడు దీని గిరాకీ గురించి చెప్పనక్కర లేదు. బతికున్న చేపకే ధర పలుకుతుంది కనుక పెరటి సిమెంటు తొట్టిలో, టార్పాలిన్ కుంటలో పెంచే రైతుకు ఒక్క తొలకరి రాత్రి నిర్లక్ష్యం నెలల శ్రమను నేలపాలు చేయగలదు.

ఎందుకు ఎగురుతుంది?

కొర్రమట్టకు మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకొనే అవయవం తలలో ఉంటుంది. కుంట ఎండితే తడి నేలపై పాకుతూ మరో నీటి పట్టుకు చేరడం దాని సహజ గుణం. వానకాలం గుడ్లు పెట్టే కాలం కావడంతో కొత్త నీటికి ఎదురెక్కాలని చూస్తుంది. తొట్టిలోకి నీరు పడే గొట్టం వద్ద అది ఎక్కువగా ఎగరడానికి కారణం ఇదే. కొత్తగా తెచ్చి వదిలిన చేప, చీకట్లో హఠాత్తుగా దీపం వెలిగితే బెదిరిన చేప సైతం పైకి దూకుతాయి.

పూర్తిగా మూసినా ముప్పే

చేప పోతుందన్న భయంతో కొందరు నీటిని అంచు దాకా నింపి పైన పలక బిగిస్తున్నారు. పైకి వచ్చి గాలి మింగనిదే కొర్రమట్ట బతకలేదు. చేప నీటిలో మునిగి చావడమేమిటని నవ్వుకొనేవారు ఉండవచ్చు గానీ, దీని విషయంలో అది అక్షరాలా నిజం. అందువల్ల గాజు తొట్టెలో నీటికి, మూతకు నడుమ కనీసం నాలుగు అంగుళాలు, సిమెంటు తొట్టిలో అడుగుకు తగ్గకుండా ఖాళీ ఉంచడం మంచిది. ఈ ఖాళీ వల్ల దూకుడు వేగం కూడా కొంత తగ్గుతుంది.

మూతకు అన్నిటికంటే అనువైనది జాలి. కిటికీలకు వేసే నైలాన్ జాలిని అల్యూమినియం చట్రంలో బిగిస్తే పిల్ల చేపలకు సరిపోతుంది. పెద్ద చేపలకు ముడులు లేని గట్టి వల వేయాలి. ముడులున్న వలకు మూతి ఒరుసుకొని పుండు పడితే బూజు తెగులు సోకుతుంది. కన్ను పరిమాణం కూడా ముఖ్యం. తల దూరి మొప్పల వద్ద చిక్కుకొనేంత కన్ను ఉంటే, ఆ వల లేకపోవడమే నయం. ఇనుప జాలి తుప్పు పడుతుంది. జింకు పూత జాలి నుంచి, రాగి తీగ నుంచి కారే నీటి చుక్కలు చేపకు హాని చేస్తాయి. ఆక్రిలిక్ షీటు అడుగున తేమ పట్టి క్రమంగా వంగి, మూలల్లో సందు ఇస్తుంది.

నిజానికి చేపలు తప్పించుకొనేది ఆ సందుల నుంచే. గాలి గొట్టం, వడపోత యంత్రం తీగ వెళ్లేచోట వదిలిన రెండు వేళ్ల వెడల్పు చాలు. అక్కడ స్పాంజి ముక్క కూర్చాలి. బరువైన చేప తలతో నెడితే తేలిక మూత లేచిపోతుంది కనుక అంచులకు క్లిప్పులు గాని, బరువు గాని పెట్టాలి. ఆరుబయట తొట్టికి వేసిన వల కొంగలను, లకుముకి పిట్టలను కూడా ఆపుతుంది.

రామగుండం ప్రాంతంలో 45 డిగ్రీలు దాటిన వేసవులు ఉన్నాయి. అలాంటి ఎండల్లో గాజు మూత తొట్టెను ఆవిరి గదిగా మారుస్తుంది. జాలి ఉంటే వేడి బయటకు పోతుంది. ఆదిలాబాద్ చలి ఇందుకు విరుద్ధం. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోయినప్పుడు పైనుంచి పీల్చే చల్లగాలి కొర్రమట్టకే గాక ఫైటర్, గౌరామి చేపలకూ చేటు చేస్తుంది. ఆ రాత్రులు జాలిపై మూడొంతుల మేర గుడ్డ కప్పి, మిగతాది తెరిచి ఉంచితే సరిపోతుంది.

వాస్తు పేరిట కొంటున్న అరోవానా సంగతి వేరు. బరువైన ఈ చేప దెబ్బకు పలుచని గాజు పగలవచ్చు. దీనికి మందమైన పలకకు బిగింపులు తప్పనిసరి.

కొర్రమట్ట గచ్చుపై కదలకుండా కనిపించినా చర్మం తడిగా ఉంటే చనిపోయిందని పారవేయరాదు. తడి గుడ్డతో పట్టుకొని, మట్టి కడిగి, తక్కువ లోతు నీటిలో విడిచి కొంతసేపు చూడాలి. గాజు పగిలి దీపం నీటిలో పడి ఉంటే మాత్రం ముందు మెయిన్ స్విచ్ కట్టేయాలి. ఆ తర్వాతే నీటిలో చేయి పెట్టాలి.